గ్రూపు శాతం నాకు 77.33, తమ్ముడికి 81. ఎవరి లెక్క తప్పు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఆంధ్రాలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, 1000 మార్కుల బ్యాచ్. మ్యాథ్స్ 92 శాతం, ఫిజిక్స్ 70, కెమిస్ట్రీ 70. మూడూ కూడి మూడుతో భాగిస్తే నాకు 77.33 వచ్చింది. వాడు 81 అంటున్నాడు. ఇద్దరం పొద్దున్నుంచీ పోట్లాడుకుంటున్నాం.

జవాబు: తమ్ముడిదే కరెక్టమ్మా. శాతాలను నేరుగా కూడకూడదు, వాటి వెనకున్న మార్కులు వేరు. మ్యాథ్స్ నాలుగు పేపర్లు, ఒక్కోటి 75, మొత్తం 300. ఫిజిక్స్ రెండు పేపర్లు 60 చొప్పున, ప్రాక్టికల్స్ 30, అంటే 150. కెమిస్ట్రీ కూడా అంతే. అసలు మార్కులు రాసి చూడండి: 276, 105, 105. మొత్తం 600కి 486. అదే 81 శాతం.

శాతాలతోనే చేయాలంటే మ్యాథ్స్‌ను రెండుసార్లు లెక్కపెట్టాలి, ఎందుకంటే దాని మార్కులు రెట్టింపు. 92, 92, 70, 70 కూడితే 324. భాగించాల్సింది నాలుగుతో. మీరు మూడుతో భాగించినప్పుడు మ్యాథ్స్‌ని కెమిస్ట్రీతో సమానం చేసేశారు, పాపం వాడి 92కి విలువ పోయింది.

ప్రశ్న: అయ్యో. మరి సంస్కృతంలో 98 శాతం వచ్చింది, అది కలపక్కర్లేదా?

జవాబు: 1000కి మొత్తం శాతం కావాలంటే కలపాలి. రెండేళ్ళకూ ఇంగ్లిష్‌కి 200, సంస్కృతానికి 200 ఉన్నాయి కదా. ఈఏపీసెట్ అనే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ర్యాంకులో ఇంటర్ మార్కులకిచ్చే వాటాకి, అంటే వెయిటేజీకి మాత్రం గ్రూపు సబ్జెక్టులే, ఆ 600 మార్కులే. భాషల మార్కులతో మురిసిపోయి తర్వాత డీలాపడేవాళ్ళు ఏటా ఉంటారు.

మరొకరు: వెయిటేజీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఏపీలో ఈఏపీసెట్‌కి 75 శాతం, ఇంటర్ గ్రూపుకి 25. తమ్ముడికి ఈఏపీసెట్‌లో 160కి 80 వచ్చాయనుకోండి. 80ని 160తో భాగించి 75తో గుణిస్తే 37.5. ఇంటర్‌ది 81 శాతంలో పావు వంతు, 20.25. రెండూ కలిపి 57.75. చాలామంది 50, 81 కూడి సగం చేసి 65.5 వేసుకుంటారు, అది తప్పు. పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది కాబట్టి 80 స్థానంలో నార్మలైజ్ చేసిన మార్కులు, అంటే షిఫ్టుల మధ్య తేడాని సరిచేసి ఇచ్చేవి పెట్టండి.

తెలంగాణ వాళ్ళు ఈ లెక్క వేసుకోకండి. అక్కడ ఇంటర్ వెయిటేజీ 2023లో తీసేశారు.

ప్రశ్న: ఎక్సెల్‌లో పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. శాతాలు ఒక నిలువు వరుసలో, సబ్జెక్టు మొత్తం మార్కులు పక్క వరుసలో వేయండి. సమ్‌ప్రొడక్ట్ ఫార్ములాకి రెండు వరుసలూ ఇచ్చి, వచ్చినదాన్ని మార్కుల మొత్తంతో భాగించండి. 81 రాకపోతే ఎక్కడో తప్పు టైప్ చేశారన్నమాట.

ప్రశ్న: 81 వచ్చిందండీ, థాంక్యూ. మూడుతో భాగించిన కాగితం చింపేశాను. వాడికి ఇంకా చెప్పలేదు.