వాలొరెంట్ టీమ్‌లో ఎవరి సత్తా ఎంతో విడిగా తేల్చడం ఎలా?

కొత్త_కెప్టెన్:
కాలేజీ వాలొరెంట్ (ఐదుగురు ఐదుగురిమీద ఆడే షూటింగ్ గేమ్) టీమ్‌కి ఐదుగురిని ఎంపిక చేయాలి. పోటీలో పదిమంది ఉన్నారు, ర్యాంకులు గోల్డ్ 3 నుంచి డైమండ్ 1 దాకా. ఏసీఎస్ (రౌండుకి సగటు కాంబాట్ స్కోర్) చూసి పైనున్న ఐదుగురిని తీసుకుంటే నలుగురు డ్యూయలిస్టులే (ముందు దూకి కిల్స్ తీసేవాళ్లే) వస్తున్నారు, స్మోక్ (దారి మూసే పొగ) వేసేవాడు ఒక్కడూ లేడు. ర్యాంకు చూద్దామంటే కొందరు ఎప్పుడూ ఫ్రెండ్స్‌తో కలిసి ఆడి ఎక్కినవాళ్లు. రోజుకి మూడు మ్యాపుల చొప్పున వారం టైముంది. ఏం చేస్తే బాగుంటుంది?

ఎకో_రౌండ్:
ముందు ఏసీఎస్ ఎలా వస్తుందో చూడండి. కొట్టిన డ్యామేజీకి పాయింటుకి పాయింటు. కిల్‌కి, అప్పటికి బతికున్న శత్రువులను బట్టి 150, 130, 110, 90, 70. అంటే ముందు దూకి మొదటి కిల్ తీసినవాడికి 150, చివరివాణ్ని చంపి రౌండ్ గెలిపించినవాడికి 70. డ్యామేజీ లేని అసిస్టుకి 25 మాత్రమే. ఒమెన్ లాంటి కంట్రోలర్ (స్మోక్ వేసే పాత్ర) సరైన చోట స్మోక్ వేసి దారి మూస్తే నేరుగా వచ్చేది సున్నా. అందుకే ఏసీఎస్ డ్యూయలిస్టులవైపు మొగ్గుతుంది. డ్యూయలిస్టు జెట్‌ని ఇంకో డ్యూయలిస్టు రేజ్‌తో పోల్చండి, ఒమెన్‌తో పోల్చకండి.

ఇంకొకటి, పిస్టల్ రౌండ్ (డబ్బు తక్కువుండే మొదటి రౌండ్) గెలిచాక రెండో రౌండ్లో ఎదుటివాళ్లు క్లాసిక్‌తో (ఉచితంగా వచ్చే చిన్న పిస్టల్‌తో) వస్తారు. స్పెక్టర్ గన్ పట్టుకుని వాళ్లమీద తీసిన మూడు కిల్సూ, ఫుల్ బై (మంచి ఆయుధాలన్నీ కొన్న జట్టు) మీద తీసిన మూడు కిల్సూ స్కోర్‌బోర్డులో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రెండువైపులా రైఫిళ్లున్న రౌండ్లను విడిగా లెక్కేస్తే చాలామంది స్థానాలు మారతాయి.

ర్యాంకు అబద్ధం చెప్పదు గానీ చాలా నెమ్మది. ఎక్స్‌బాక్స్ లైవ్ కోసం తయారైన ట్రూస్కిల్ అనే రేటింగ్ పద్ధతి గురించి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లెక్క ప్రకారం, ఒకరితో ఒకరు ఆడితే ఒక్కొక్కరి స్థాయి తేలడానికి సుమారు 12 గేములు సరిపోతాయి. నలుగురేసి రెండు జట్లయితే 46, ఎనిమిదేసి మందయితే 91. గెలుపోటమి అనే ఒకే సమాచారం జట్టంతటికీ పంచబడుతుంది కదా, అందుకే. 100 గేముల్లో 55 గెలిచినవాడు నిజంగా సగటు కన్నా మెరుగో కాదో కూడా చెప్పలేం, అదృష్టం వల్లే పది అటూ ఇటూ పోతుంది.

ప్లస్_మైనస్:
మీకు 21 మ్యాపులున్నాయి, పదిమంది మీ చేతిలోనే ఉన్నారు. ప్రతి మ్యాపుకీ చీట్లేసి జట్లు మార్చండి. పదిమందిని ఐదేసిగా 126 రకాలుగా విడదీయొచ్చు, కాబట్టి ఒకే జట్టు మళ్లీ రావాల్సిన పనిలేదు. 13-7 అయితే గెలిచిన ఐదుగురికీ +6, ఓడినవాళ్లకి -6 రాసుకోండి. ఉత్త గెలుపోటమి కన్నా రౌండ్ల తేడా చాలా ఎక్కువ చెబుతుంది. చివర్లో ఒక్కొక్కరి సగటు తీయండి.

జనం పొరపాటు చేసేది ఇక్కడే: ఇద్దరు ఫ్రెండ్స్ "మేం కలిసే ఆడతాం" అంటే ఒప్పేసుకుంటారు. ఎప్పుడూ ఒకే జట్టులో ఉన్న ఇద్దరికీ అంకెలు అచ్చంగా ఒకటే వస్తాయి, ఎవరి వల్ల గెలిచారో ఏ లెక్కా విడదీయలేదు. 21 మ్యాపుల్లో ఏ ఇద్దరైనా ఒకే వైపు సుమారు 9 సార్లు పడాలి. 14, 15 సార్లు పడితే మధ్యలోనే సరిచేయండి. ఇద్దరి సగటుల మధ్య తేడా రెండు రౌండ్ల లోపుంటే దాన్ని తేడాగా తీసుకోవద్దు.

కొత్త_కెప్టెన్:
స్మోక్ వేయగలవాళ్లు పదిమందిలో ఇద్దరే బ్రో. చీట్లేస్తే ఇద్దరూ ఒకే జట్టులో పడొచ్చుగా? తేడా రెండు లోపే వస్తే ఎలా మరి?

ప్లస్_మైనస్:
వాళ్లిద్దరినీ ముందే చెరోవైపు పెట్టేసి మిగతా ఎనిమిదిమందికే చీట్లేయండి. మీకు కావాల్సింది కంట్రోలర్ ఒక్కడే కాబట్టి, వాళ్లిద్దరూ ప్రతిసారీ ఎదురెదురుగా ఉండటమే మంచిది.

డెమో_చూడు:
తేడా తక్కువొస్తే వీడియోనే దారి. కస్టమ్ గేమ్‌లో ఒకరిని అబ్జర్వర్‌గా పెట్టి రికార్డ్ చేయించండి. చావు చావుకీ మూడు విషయాలు రాయండి. ఐదు సెకన్లలోపు మనవాడెవడైనా బదులు తీర్చాడా? చచ్చినప్పుడు చేతిలో వాడని ఫ్లాషులూ స్మోకులూ ఎన్ని మిగిలాయి? అప్పటికి ఎంతమంది ఎంతమందిమీద ఉన్నారు? ఐదుగురు నలుగురిమీద ఉండగా ఒంటరిగా పీక్ చేసి (బయటికి తొంగిచూసి) చచ్చేవాడి కేడీ (చావుకి ఎన్ని కిల్సో) 1.3 ఉన్నా జట్టుకి నష్టమే. సెంటినెల్‌కి (కిల్‌జాయ్ లాంటి కాపలా పాత్రకి) కిల్స్ వదిలేయండి, కిల్‌జాయ్ కాపలా ఉన్న సైట్‌వైపు (బాంబు పెట్టే చోటువైపు) ఎదుటివాళ్లు అసలు ఎన్ని రౌండ్లు రాలేదో చూడండి.

వాయిస్ కూడా రికార్డ్ కావాలి. "ఒకడున్నాడు" అన్నది కాల్ కాదు, ఎక్కడ, ఎంతమంది, ఎంత డ్యామేజీ అయ్యిందో ఉండాలి. అందరినీ ఒకే ల్యాబ్‌లో, ఒకే నెట్‌మీద ముంబై సర్వర్లో ఆడించండి. ఒకడికి 30 పింగ్, ఇంకొకడికి 90 ఉంటే మీరు కొలిచేది ఆటని కాదు, కనెక్షన్‌ని.