"జెట్టిసాముకన్న చింతాకు తక్కువ": వేమన తిట్టింది యోగాన్నా, బిగింపునా?

యోగా డే వచ్చిందంటే చాలు ఈ పద్యం అన్ని గ్రూపుల్లో తిరుగుతుందండి, కింద అందరూ "చూశారా, వేమన ఆనాడే యోగాని తీసిపారేశాడు" అని రాసేస్తారు. నాకు ఆ అర్థం అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు. ముందు పద్యం చూడండి:

ఆసనముల పన్ని యంగంబు బిగియించి
యొడలు విఱచుకొనెడి యోగమెల్ల
జెట్టిసాముకన్న చింతాకు తక్కువ
విశ్వదాభిరామ వినుర వేమ

అంటే ఆసనాలు వేసి ఒళ్ళు బిగించి విరుచుకునే యోగమంతా మల్లుల కసరత్తు కన్నా చింతాకంత, రవ్వంత తక్కువే అని. మనవాళ్ళంతా ఆ చింతాకు దగ్గరే ఆగిపోతున్నారు గానీ, పట్టుకోవాల్సిన మాట మొదటి పాదంలో ఉంది, "బిగియించి".

పతంజలి ఆసనం గురించి చెప్పింది చాలా తక్కువ. యోగసూత్రాల్లో రెండో పాదం 46వ సూత్రం "స్థిరసుఖమాసనమ్", అంటే కదలకుండా హాయిగా కూర్చోవడం, అంతే. ఆ వెంటనే 47లో "ప్రయత్నశైథిల్యం" అంటాడు, ప్రయాసని సడలించమని. ఇప్పుడు ఆ సూత్రాన్నీ ఈ పద్యాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆయన సడలించమంటున్నాడు, ఈయన బిగించేవాళ్ళని మందలిస్తున్నాడు, మరి ఇద్దరిదీ ఒకే మాటే కదండీ. వేమన కళ్ళముందు ఉన్నవాళ్ళు హఠయోగులు, అంటే ఒంటి సాధనకి పెద్దపీట వేసే యోగులై ఉంటారని నా ఊహ. వాళ్ళ 15వ శతాబ్దపు గ్రంథం హఠయోగప్రదీపికలో పదిహేను ఆసనాలు చెప్తే వాటిల్లో మయూరాసనం కుక్కుటాసనం లాంటివి ఉన్నాయి, చేతుల మీద ఒళ్ళంతా నిలబెట్టేవి, వాటికి బిగింపు లేకుండా ఎలా కుదురుతుంది? పైగా జనం యోగి వేమన అని పిలుచుకునే మనిషి యోగాన్నంతా కొట్టిపారేస్తాడా?

రెండో పాదంలో "ఒడలు విఱచుకొనెడి" ఎంత బావుందో చూడండి. ఇప్పటికీ మంచం మీంచి లేస్తూ ఒళ్ళు విరుచుకుంటాం కదా, అదే మాట. యోగులు గొప్పగా చెప్పుకునే పనికి ఇంట్లో వాడే మాట వేసేసరికి పద్యానికి ఆ చురుకు వచ్చింది.

ఇక జెట్టి అంటే మల్లుడు. మైసూరు దసరాల్లో వజ్రముష్టి కాళగ (పిడికిలికి ముళ్ళ తొడుగు వేసుకుని చేసే కుస్తీ) ఆడేది ఇప్పటికీ జెట్టీలే. సాము అంటే కసరత్తు. ఈ మాట మన కోనసీమ వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, అమలాపురం దసరాకి చెడీ తాలింఖానా వీధుల్లోకి వస్తే కర్రసాము కత్తిసాము చూస్తూ పెరిగినవాళ్ళం.

నాకు బాగా ఆశ్చర్యం అనిపించేది ఇదండి. వేమన ఆసనాల్నీ జెట్టిసామునీ ఒకే తక్కెడలో వేసి తూచాడు, తేడా చింతాకంత అన్నాడు. తర్వాత ఎప్పుడో ఆ మైసూరులోనే ఆ రెండూ నిజంగా ఒకచోటికి చేరాయి. 1933లో మహారాజా వారి ఆదరణతో జగన్మోహన ప్యాలెస్‌లో కృష్ణమాచార్య గారు యోగశాల నడిపారు. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ముగ్గురూ ఆయన శిష్యులే, ఇవాళ ప్రపంచమంతా చాప పరుచుకుని చేసే యోగాలో పెద్ద భాగం అక్కణ్ణించి వచ్చిందే. మల్లులు తీసే దండీని, ఇప్పటి యోగాలో చతురంగ దండాసనం (ఒళ్ళు నేలకి దగ్గరగా దించి చేతుల మీద నిలపడం) నించి అధోముఖ శ్వానాసనంలోకి (నడుం పైకెత్తి వంగడం) వెళ్ళడాన్ని పోల్చి చూడండి, ఒంటి కదలిక దాదాపు అదే. సూర్యనమస్కారాలైతే మహారాష్ట్ర వైపు ఔంధ్ సంస్థానం రాజా భవన్‌రావు పంత్ ప్రతినిధి 1928లో పుస్తకం వేసి మరీ వ్యాయామంగా ప్రచారం చేశారు. ఆసనాల పుట్టుక గురించి సాగదీసి వాదించుకునే పండితులున్నారు, అది వేరే చర్చ. వేమన పోలిక మాత్రం గాలిలో పుట్టింది కాదు, ఆయన రెండిట్నీ దగ్గరనించి చూశాడు అని నాకు గట్టి నమ్మకం.

కామెంటు: బాబాయ్ గారూ, మా అమ్మ రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద సూర్యనమస్కారాలు చేస్తుందండి, ఈ పద్యం చూపించి మా అన్నయ్య ఊరికే ఏడిపిస్తున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, అమ్మగారు చేసేది హాయిగా చేస్తున్నారా, ఊపిరి బిగబట్టి మోకాళ్ళని బలవంతంగా వంచి చేస్తున్నారా, అది ఒక్కటి చూడండి. హాయిగా చేస్తుంటే వేమన మాట ఆవిడకి తగలదు. సామనుకుని చేసినా తప్పేం లేదు, వేమన సామునేం తక్కువ చెయ్యలేదు కదా, పైగా దానికే చింతాకంత మొగ్గు చూపించాడు. మనసు నిలవకుండా ఒళ్ళు ఒక్కటీ వంచేసి దానికి యోగం అని పేరు పెట్టుకోవడం దగ్గరే ఆయనకి పేచీ. మీ అన్నయ్యని ముందు మొదటి పాదం అర్థం చెప్పమనండి.

ఇంకో సంగతి, గ్రూపులో పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు వాళ్ళు ఉంటే చెప్పండి, మీ తాలింఖానా పెద్దలు ఉత్తినే "సాము" అంటే కర్ర తిప్పడమేనా, దండీలు బస్కీలు కూడా అందులో వస్తాయా? "చింతాకు తక్కువ" అనే పలుకుబడి మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళ నోట ఎవరైనా విన్నారా? విని ఉంటే ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి.