పది రోజుల సెలవులు, సర్దాల్సిన ఇల్లు, ఒక సంచి నిండా చిక్కుపడ్డ ఊలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇద్దరి_అమ్మ:
రేపటి నుంచి పిల్లలకి పది రోజులు సెలవులు, నేనూ లీవ్ పెట్టాను. పెద్దమ్మాయికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఏడు. అలమరాలు సర్దాలి, పాత పుస్తకాలు తీసేయాలి, మూడేళ్లుగా అటక మీద ఉన్న ఊలు సంచి సంగతి తేల్చాలి. అందులో సగం అల్లి వదిలేసిన స్కార్ఫ్ ఒకటి, లేబుళ్లు ఊడిపోయిన ఉండలు, ఒకదాన్నొకటి చుట్టేసుకున్న రంగులు. పిల్లలిద్దరూ అల్లడం నేర్పమని వెంటపడుతున్నారు. పోయిన సెలవుల్లో మొదటిరోజే అన్ని గదుల్లో సామానూ ఒకేసారి బయటికి లాగాను, సాయంత్రానికి మంచాల మీద గుట్టలు, ఆ టెన్షన్‌లో పిల్లల మీద అరిచేశాను. ఇప్పటికీ బాధగా ఉంది. ముందు ఇల్లు సర్ది తర్వాత అల్లికకి కూర్చోవాలా, రెండూ కలిపి చేయొచ్చా? ఏడేళ్లవాడికి క్రోషే హుక్, అదే కొక్కెం మొనున్న అల్లిక సూది, ఇవ్వొచ్చా?

నూలుపోగు:
ఊలు సంచితోనే మొదలుపెట్టండి, అది సర్దడమూ అవుతుంది, ఆటా అవుతుంది. నేల మీద పాత దుప్పటి పరిచి సంచి బోర్లించండి. రంగుల వారీగా విడదీసే పని పిల్లలది. చిక్కు తీయడం కూడా వాళ్లకే ఇవ్వండి, కాకపోతే కొస పట్టుకుని లాగకూడదని ముందే చెప్పాలి, లాగితే ముడి బిగుస్తుంది. చిక్కుని అన్ని వైపులా వదులు చేస్తూ పోతే కొస దానంతటదే బయటికొస్తుంది.

లేబుల్ లేనివాటికి చిన్న పరీక్ష ఉంది, ఇది మాత్రం మీరే, సింక్ దగ్గర చేయండి. చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని అంటించండి. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడైపోతుంది. కాటన్ కాగితం కాలిన వాసన వేస్తుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఇది తెలుసుకోవడం ఎందుకంటే, వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలు ఆక్రిలిక్‌తో అల్లకూడదు, కరిగి చేతికి అంటుకుంటుంది. వాటికి కాటనే వాడండి.

ఉన్నిలో అక్కడక్కడ పోగులు తెగి సన్నని గూడులాంటిది కనిపిస్తే పురుగు పట్టినట్టే. ఆ ఉండని వెంటనే వేరే కవర్లో పెట్టి మూతి కట్టేయండి.

మెల్లమెల్లగా:
ఏడేళ్లవాడికి హుక్ ఇవ్వొచ్చు గానీ ముందు వేళ్లతో అల్లించండి. ఎడమచేతి నాలుగు వేళ్ల మధ్య దారాన్ని ఒక వేలికి ముందు, ఇంకో వేలికి వెనక వచ్చేలా తిప్పి, తిరుగు వరస కూడా వేసి, ఇదంతా ఇంకోసారి చేస్తే ప్రతి వేలి మీదా రెండు పోగులుంటాయి. కింది పోగుని పై పోగు మీదుగా వేలి వెనక్కి దాటించడమే. పావుగంటలో చేతి వెనక తాడు పొడుగవడం చూస్తాడు, ఇక ఆపమన్నా ఆపడు.

పాపకి 5 మిల్లీమీటర్ల హుక్, కాస్త లావుపాటి, లేత రంగు ఊలు ఇవ్వండి. నల్ల ఊలుతో కుట్లు కనబడక ఏడుపొస్తుంది, మా అమ్మాయి విషయంలో నేను చేసిన పొరపాటు అదే. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టించండి, అంచున కుట్టు వదిలేస్తే చతురస్రం కాస్తా త్రికోణం అయిపోతుంది. వీడియో చూసి నేర్చుకుంటుంటే అది అమెరికా పద్ధతో బ్రిటన్ పద్ధతో ముందు చూడండి, అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు.

అటక_ఖాళీ:
నేను కొంచెం వేరేగా చెప్తాను. ఉదయం అలమరాలో ఒక్క అర సర్దండి, ఒక్కటే, అది పూర్తయ్యాకే ఊలు బయటికి తీయాలి. లేకపోతే ఊలే రోజంతా తినేస్తుంది, అలమరా అలాగే ఉంటుంది. పిల్లల పుస్తకాల్లో ఏది ఉంచాలో వాళ్లనే చెప్పనివ్వండి, వాళ్లకి తెలీకుండా పారేయకండి దయచేసి.

ఆ సగం స్కార్ఫ్ మళ్లీ అందుకోవాలని లేకపోతే విప్పేయండి, మూడేళ్లు అటక మీదే ఉందంటే మీ మనసు దాని మీద లేదు. విప్పిన దారం నూడుల్స్‌లా వంకరగా వస్తుంది, అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడు అవుతాయి. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, ఆ చిలపని, అంటే దారపు చుట్టని, బయటికి తీసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అదిమి, ఆరేస్తే సాఫీగా అవుతుంది. కుర్చీ చుట్టూ తిరగడం పిల్లలకి పెద్ద సరదా.

ఇద్దరి_అమ్మ:
ఈరోజు నాలుగో రోజు. మూడు అరలు అయ్యాయి. స్కార్ఫ్ విప్పేశాం, చిలప దండెం మీద ఆరుతోంది. వాడి తాడు గది ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చింది, చిన్న చాపలా చుట్టి కుట్టిపెట్టమంటున్నాడు. చుట్ట విడిపోకుండా మామూలు సూదీదారంతో కుడితే నిలుస్తుందా, లేక అదే ఊలుతో కుట్టాలా?

నూలుపోగు:
అదే ఊలుతో, మొద్దు మొనున్న లావు సూదితో కుట్టండి. సన్నదారం ఊలుని కోసేస్తుంది.