మనుషుల్లేని హైవేలో స్పీడ్ లిమిట్ తీసేస్తే తప్పేంటి?

డార్విన్ అబ్బాయి:
ఆస్ట్రేలియాలో మా నార్తర్న్ టెరిటరీ సంగతి చెప్తా. ఇక్కడ స్టువర్ట్ హైవే మీద 2006 చివరి దాకా ఊరు దాటితే లిమిట్టే లేదు, 2007 జనవరి నుంచి గంటకి 130 కిలోమీటర్లు పెట్టారు. 2014లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి బారో క్రీక్ దాకా 200 కిలోమీటర్ల పైచిలుకు మళ్ళీ తీసేశారు, 2016లో ప్రభుత్వం మారగానే మళ్ళీ 130. గీత గీసినట్టు ఉంటుంది రోడ్డు, అరగంటకో బండి కనపడితే గొప్ప. ఇక్కడ జనం చచ్చిపోయేది ఎక్కువగా తాగి నడిపి, బెల్ట్ పెట్టుకోక, నిద్రొచ్చి. అవన్నీ వదిలేసి స్పీడ్ మీద పడతారెందుకు? ఎంతలో పోవాలో నడిపేవాడికి తెలీదా?

సీమ ఇంజినీర్:
తమ్ముడూ, బళ్ళు లేవన్నావు సరే, పశువులో? అక్కడ చాలాచోట్ల ఫెన్సింగే లేదు, పొద్దు వాలితే కంగారూలు. లెక్క చూడు, 130 అంటే సెకనుకి 36 మీటర్లు, చూసి బ్రేక్ తొక్కేలోపే సెకనున్నర పోతుంది అంటే 54 మీటర్లు, ఆ తర్వాత పొడి రోడ్డు మంచి టైర్లు అయినా ఆగడానికి ఇంకో 90 పైనే, మొత్తం 150 దగ్గర. అదే 180లో 250 మీటర్లు. చీకట్లో నల్లావు అంత దూరం నుంచి కనపడుతుందా? రాత్రిపూట ఊరి బయట నడపొద్దని రెంటల్ కార్లవాళ్ళు ఊరికే రాయించుకోరు కదా.

మ్యూనిక్ మావయ్య:
ఎవరైనా మా జర్మనీ హైవే, ఆటోబాన్ పేరు ఎత్తేలోపు నేనే చెప్తున్నా, దానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ మధ్యలో డివైడర్, ఎదురు బండి రాదు, లిమిట్ లేనిచోట కూడా 130 దాటొద్దని సలహా ఉంది, దాటి యాక్సిడెంట్ అయితే కోర్టులో అది మన మీదకి రావచ్చు. స్టువర్ట్ హైవే చాలాచోట్ల రెండు లైన్ల రోడ్డే, 50 మీటర్ల పైన పొడవుండే రోడ్ ట్రైన్లని (వరసగా ట్రైలర్లు లాగే లారీలు) ఓవర్‌టేక్ చేయాలి. దూరంగా చుక్కలా కనపడే కారు 100లో వస్తోందా 180లో వస్తోందా నీ కంటికి తెలీదు, నాకు అన్నిటికన్నా భయం అదే.

మోంటానా చెల్లెలు:
నడిపేవాడికే వదిలేయడం అమెరికాలో మా మోంటానా రాష్ట్రంలో చేసి చూశారు అన్నయ్యా. 1995 డిసెంబర్ నుంచి పగటిపూట అంకె లేదు, "సబబుగా, జాగ్రత్తగా" పోవాలి అంతే. ఏది సబబో పోలీసుకీ డ్రైవర్‌కీ ఒక్కటి కాదు, ఆ రూల్ మరీ అస్పష్టంగా ఉందని 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టే కొట్టేసింది, 1999లో గంటకి 75 మైళ్ళు పెట్టారు.

సీమ ఇంజినీర్:
ఇంకోటి, 1994లో ఇదే హైవే మీద కానన్‌బాల్ రన్ రేసు పెడితే ఫెరారీ అదుపు తప్పి ఇద్దరు అఫీషియల్స్‌ని గుద్దింది, కార్లో ఇద్దరితో కలిపి నలుగురు పోయారు. పట్టపగలు, ఖాళీ రోడ్డు. మామూలు రోజున అలా పల్టీ కొడితే ఫోన్ చేసేదెవరు, హాస్పిటల్ ఎన్ని వందల కిలోమీటర్లు?

డార్విన్ అబ్బాయి:
ఫోన్ మాట నిజమే అన్నా, ఊరు దాటితే గంటలకి గంటలు సిగ్నల్ ఉండదు. టైరు పేలి రెండు గంటలు ఎండలో కూర్చున్నా ఒకసారి, ఎవరూ రాలేదు. రాత్రికి లిమిట్ ఉండాల్సిందే, ఒప్పుకుంటున్నా. ఫెన్సింగ్ ఉన్న ముక్కల్లో పగటిపూట మాత్రం తీసేయొచ్చనే ఇంకా అనిపిస్తోంది, ఆ ఎదురుబండి లెక్కకి జవాబు ఆలోచించి రాస్తా.