కాబెజా ప్రియెటాలో రెండు రాత్రులు క్యాంపింగ్: మా బండి సరిపోతుందా?

చాండ్లర్‌వాసి:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌లో నేను, మా ఆవిడ, మా బావమరిది కలిసి అరిజోనా దక్షిణాన ఉన్న కాబెజా ప్రియెటా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఆహో ఊళ్లో బయల్దేరి, ఎల్ కమీనో డెల్ డియాబ్లో అనే మట్టిరోడ్డు మీద రెండు రాత్రులు టెంటు వేసుకుని, వెల్టన్ దగ్గర హైవే ఎక్కాలని ప్లాన్. మాది ఆల్ వీల్ డ్రైవ్ క్రాసోవర్. ఒక్క బండితో వెళ్లొచ్చా? దారిలో నీళ్లు దొరుకుతాయా? బావమరిది హెచ్1బీ వీసా మీద ఉన్నాడు, పక్కనే మెక్సికో సరిహద్దు కాబట్టి అదొక టెన్షన్.

ఇసుకదారి:
దయచేసి ఆ బండితో, అదీ ఒక్క బండితో, ఆ రోడ్డెక్కకండి. ఆల్ వీల్ డ్రైవ్ వేరు, ఫోర్ వీల్ డ్రైవ్ వేరు. కమీనో మీద ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలన్నది రెఫ్యూజ్ వాళ్ల నిబంధనే.

మూడేళ్ల కింద మేం రెండు ట్రక్కులతో వెళ్లాం. పినకాటె లావా రాళ్ల మీద నా టైరు పక్కభాగం చీలిపోయింది, పంక్చర్ కిట్ దానికి పనికిరాదు, ఉన్న ఒక్క స్టెప్నీ వేసుకున్నాం. కాసేపటికే పింటా ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోతే నా ఫ్రెండ్ తన ట్రక్కుకి తాడు కట్టి లాగాడు. ఆ రోజు పొద్దుట్నుంచి మాకు కనబడింది ఒకే ఒక్క బోర్డర్ ప్యాట్రోల్ (సరిహద్దు పోలీసుల) బండి, కాబట్టి నా ఫ్రెండ్ వెనకాల లేకపోతే మా పని ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా భయమే.

నీళ్లు దొరకవనే అనుకోండి. మ్యాపులో పాపగో వెల్, టూలె వెల్ అని బావుల పేర్లుంటాయి, క్యాంపులు కూడా అక్కడే, కానీ ఆ నీటిని నమ్ముకోకూడదు. మనిషికి రోజుకో గ్యాలన్ లెక్కన, ఇరుక్కుపోతే ఇంకో రెండు రోజులు సరిపోయేలా పట్టుకెళ్లాలి. ఆహో దాటితే వంద మైళ్లకు పైగా గ్యాస్ స్టేషన్ ఉండదు. కట్టెలతో మంట వేయకూడదు, గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి. మేం మొదటి రోజుకి పులిహోర కలుపుకుని వెళ్లాం, అలసిపోయి టెంటు వేసుకున్నాక వండే ఓపిక ఎవరికీ లేదు.

పర్మిట్ తప్పనిసరి. పక్కనే బారీ గోల్డ్‌వాటర్ బాంబింగ్ రేంజ్ (మిలిటరీవాళ్లు బాంబులేసి సాధన చేసే చోటు) ఉంది కాబట్టి మన ప్రాణానికి మనదే బాధ్యత అని సంతకం కూడా పెట్టాలి. నేల మీద ఇనుప గొట్టంలాంటిది ఏది కనిపించినా ముట్టుకోవద్దు, పేలని బాంబు అయ్యుండొచ్చు.

టూసాన్ అక్క:
బావమరిది విషయం చెప్తాను. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు, ఐ-797 (హెచ్1బీ మంజూరు కాగితం) ఒరిజినల్స్ మనిషి దగ్గరే ఉంచుకోమనండి. హైవే 85 మీద బోర్డర్ ప్యాట్రోల్ చెక్‌పోస్ట్ ఉంటుంది, మమ్మల్నీ ఆపారు, కాగితాలు చూపిస్తే రెండు నిమిషాల్లో పంపేశారు. సిగ్నల్ వస్తే గిస్తే మెక్సికో నెట్‌వర్క్‌ది వస్తుంది, ఫోన్‌ని నమ్ముకోకుండా శాటిలైట్ మెసెంజర్ అద్దెకి తీసుకోండి. దారిలో ఎర్ర బటన్ ఉన్న స్తంభాలు కనిపిస్తాయి. సరిహద్దు దాటి నడిచొచ్చేవాళ్లు అక్కడ దాహంతోనే చనిపోతున్నారు, అలాంటివాళ్లు సాయం పిలవడానికి పెట్టినవి అవి. ఎవరైనా నీళ్లడిగితే ఇవ్వండి.

కొమ్ములజింక:
ఫిబ్రవరి అన్నారు కాబట్టి సరే. మార్చి 15 నుంచి జులై 15 దాకా చాలా భాగం మూసేస్తారు, సొనోరన్ ప్రాంగ్‌హార్న్‌లు (జింకలాంటి జంతువులు) ఈనే కాలం అది. 2002 కరువులో అమెరికా వైపు 21 మాత్రమే మిగిలాయి. తర్వాత కంచె కట్టి లోపల పెంచి మళ్లీ బయట వదులుతూ వచ్చారు. దూరంగా ఒక్కటి కనిపించినా బండి ఆపేసి ఇంజిన్ కట్టేయండి, వెంటపడితే ఆ ఎడారిలో వాటికున్న కాస్త శక్తీ పరుగుకే పోతుంది. 1939లో ఈ రెఫ్యూజ్ వచ్చిందే అరిజోనా బాయ్ స్కౌట్ పిల్లలు పెద్దకొమ్ముల గొర్రెల కోసం పట్టుబడితే.

మీ బండికి చార్లీ బెల్ రోడ్డు నయం. అదీ ఆహో నుంచే, దానికి ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు గానీ బండి కింద ఎత్తు బాగా ఉండాలి.

చాండ్లర్‌వాసి:
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో చదివి వినిపించాను. ఈసారికి చార్లీ బెల్ రోడ్డే, ఒక్క రాత్రే. సోమవారం ఆహో ఆఫీసుకి ఫోన్ చేసి రోడ్డు ఎలా ఉందో, మా బండి ఎత్తు సరిపోతుందో కనుక్కుంటాను. ఇసుకదారి గారూ, మళ్లీ కమీనోకి వెళ్తుంటే చెప్పండి, ట్రక్కు అద్దెకి తీసుకుని మీ వెనకాల వస్తాం.

ఇసుకదారి:
తప్పకుండా. అయితే అద్దె కాగితాల్లో మట్టిరోడ్ల గురించి ఏం రాసిందో ముందే చదవండి, చాలాచోట్ల ఒప్పుకోరు. వచ్చే డిసెంబర్‌లో అనుకుంటున్నాం.