అప్‌డేట్: కిబునెలో ఏటి మీద భోజనం, అమ్మకు శాకాహారం దొరికింది

జపాన్‌లో క్యోటో దగ్గరి కొండల్లో ఉన్న కిబునెలో, ఏటి మీద వేదికలు వేసి వడ్డించే కవదొకో భోజనం పూర్తి శాకాహారి అయిన మా అమ్మకు కుదురుతుందా అని జూన్‌లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది ఇది: హోటల్ వాళ్లతో ముందే ఫోన్ చేయించి, "చేపలు వద్దు" అనడంతో ఆపకుండా "ఎండుచేపతో కాచిన దాషి కూడా వద్దు" అని చెప్పించాం. దాషి అంటే వాళ్ల వంటల్లో వాడే కాచిన నీళ్లు (స్టాక్), సూపుల్లో, సాసుల్లో అదే ఉంటుంది మరి. మాకు కొంబు అనే సముద్రపు నాచు, షిటాకే పుట్టగొడుగులతో కాచి పెట్టారు.

దోమల గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను, ఒక్కటీ కుట్టలేదు. టాక్సీ కూడా అక్కర్లేకపోయింది. ఎయిజన్ లైన్ రైల్లో కిబునెగుచి స్టేషన్, అక్కడి నుంచి 33 నంబరు బస్సు. వానొస్తే మాత్రం లోపలి గదిలోకి మారుస్తారు.

ఆగస్టులోనూ అమ్మ శాలువా కప్పుకుంది. చాప కింద జానెడు దూరంలో నీళ్లు పారుతుంటే, మాటిమాటికీ వంగి వేళ్లు తడుపుకుంది.