ప్లేస్టేషన్ 4 (పీఎస్4) గేమ్ కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4కి వెనక బటన్లు: విప్పకుండా కుదురుతుందా?

ప్రశ్న: స్టిక్ మీంచి బొటనవేలు తీయకుండా జంప్ కొట్టాలి. సోల్డరింగ్ వద్దు. ఉండేది వైజాగ్ బీచ్ రోడ్డు పక్కనే.

జవాబు 1: సోనీ 2020లో తెచ్చిన బ్యాక్ బటన్ అటాచ్‌మెంట్ చూడండి. కంట్రోలర్ కింది ఎక్స్‌టెన్షన్ పోర్టులోకీ 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్‌లోకీ ఒకేసారి, తిన్నగా నొక్కాలి. వంకరగా తోస్తే జాక్ వదులవుతుంది. మధ్యలోని స్క్రీన్ బటన్‌ని సెకను నొక్కి పట్టుకుంటే సెట్టింగ్ వస్తుంది. ఒక్కో వెనక బటన్‌కి 16 పనుల్లోంచి ఎంచుకోవచ్చు, 3 ప్రొఫైళ్లు దాచుకోవచ్చు. హెడ్‌సెట్ అటాచ్‌మెంట్ మీదున్న జాక్‌కే పెట్టండి.

జవాబు 2: ఒకటి గుర్తుంచుకోండి, ఇవి కొత్త బటన్లు కావు, ఉన్నవాటికి నకళ్లే. పీఎస్5 కంట్రోలర్‌కి ఆ పోర్టే లేదు, పట్టదు.

జవాబు 3: బీచ్ పక్కనంటున్నారు కాబట్టి: ఉప్పుగాలికి పిన్నులు మసకబారతాయి. బటన్ ఆగి ఆగి పలికితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే బిగించండి.